రక్తనాళములలోని అడ్డును తీయు నాళికలు

శరీరములో రక్తము ప్రవహించు దారులను తెలుగువారు వాడుకలో నరములందురు. "నరము దొరకలేదు, సూది రెండవ చేతికి వేసిరి" అను మాట ఆసుపత్రికి పోయివచ్చిన ఏ ఇంటనైనను వినబడును. స్పర్శజ్ఞానమును, చలనాజ్ఞలను మోయు తంతువులకును వాడుకలో ఆ పేరే కలదు. కన్నడములోని 'నర', తమిళములోని 'నరంబు' అను మాటలకు గూడ ఈ రెండర్థములును ఉన్నవి. కావున రాష్ట్రాంతరమున స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇంటిభాష విడిచి ఇరుగుపొరుగు భాషలో మాటాడినను ఈ తికమక తొలగిపోదు.

కావ్యమున నానార్థములు శోభనిచ్చును. రోగి మంచము కడ ప్రమాదము తెచ్చును. ఒకనికి అకస్మాత్తుగా కాలు చల్లబడి, తిమ్మిరెక్కి, కదలకపోయినప్పుడు ఇంటివారు నరముల బలహీనత యని తలచి తైలమర్దనకు పూనుకొనుట కలదు. అక్కడ జరిగినది నరముల బలహీనత కాక, తొడలోని ధమనికి రక్తపుగడ్డ అడ్డుపడుట కావచ్చును. బలహీనతకు నెలల తరబడి మందు వాడవచ్చును. అడ్డుపడిన ధమనికి గడువు కొన్ని గంటలే. ఆ గంటలు మర్దనతో గడచిపోయినచో కాలు తీసివేయక తప్పని స్థితి రావచ్చును.

కావున మొదట పదములను నిర్ణయించుకొనవలెను. హృదయమునుండి రక్తమును అవయవములకు కొనిపోవునవి ధమనులు. అవయవములనుండి హృదయమునకు మరల తెచ్చునవి సిరలు. ఈ రెంటికిని కలిపి రక్తనాళములని పేరు. ఆజ్ఞలను, స్పర్శను మోయు తంతువులే శాస్త్రరీత్యా నరములు. ఇక అడ్డును తీయు సాధనమునకు వైద్యులు వాడు పేరు కాథెటరు. అది గ్రీకు పదము. 'క్రిందికి దించునది' అని దాని ధాత్వర్థము. మూత్రాశయమునుండి మూత్రము తీయు గొట్టమునకు ఆ పేరు చిరకాలముగా ఉన్నది. రక్తనాళములలోనికి పంపు సన్నని, మెత్తని గొట్టమునకు గూడ ఇప్పుడదే పేరు. తెలుగున దానిని నాళిక యనుట సులభము.

అడ్డు రెండు విధములు

గోదావరి కాలువల క్రింద సేద్యము చేయువారికి కాలువ నిలిచిపోవుటలో రెండు తీరులున్నవని తెలియును. ఏండ్ల తరబడి మేట వేసిన పూడిక వలన నీరు క్రమక్రమముగా తగ్గుట ఒకటి. వరదలో కొట్టుకొనివచ్చిన దుంగ తూముకడ చిక్కుకొని ఒక్క రాత్రిలో నీటిని నిలిపివేయుట రెండవది. రక్తనాళములలో జరుగునదియు ఇట్టిదే.

పూడిక వంటిది ధమని లోపలి గోడలో చేరు క్రొవ్వు. కాలక్రమమున దానితో కాల్షియము గూడ చేరి గట్టిపడును. పొగత్రాగుట, మధుమేహము, రక్తపుపోటు, రక్తములో క్రొవ్వు అధికమగుట దీనికి ప్రధాన కారణములు. ఇది మెల్లగా పెరుగును గనుక శరీరము ప్రక్కనున్న చిన్న నాళములను పెద్దవి చేసికొని కొంతకాలము నెట్టుకొనివచ్చును. అట్టి రోగికి కొంతదూరము నడచినంతనే పిక్కలు పట్టివేయును, నిలిచినచో తగ్గును.

దుంగ వంటిది రక్తపుగడ్డ. అది తరచుగా హృదయమున పుట్టును. హృదయపు పై గదులు క్రమము తప్పి కొట్టుకొనునప్పుడు వానిలో రక్తము సుడులు తిరుగుచు నిలిచి గడ్డకట్టును. చిన్ననాటి కీళ్లవాత జ్వరము వలన హృదయకవాటము చెడినవారికి ఈ భయము మరింత ఎక్కువ. ఆ గడ్డ ఒకనాడు ఊడి, రక్తముతో కొట్టుకొనిపోయి, ధమని రెండుగా చీలి సన్నబడు చోట చిక్కుకొనును. ఇట్లు కదలివచ్చి అడ్డుపడు గడ్డకు వైద్యులు పెట్టిన గ్రీకు పేరునకు 'దూర్చిన చీల' యని అర్థము. పేరు మిక్కిలి తగియున్నది.

చీల పడిన తరువాత ప్రక్క నాళములు పెరుగుటకు వ్యవధి లేదు. కాలిలో అడ్డు ఏర్పడినచో అకస్మాత్తుగా నొప్పి పుట్టును, కాలు పాలిపోవును, చల్లబడును, పాదముపై నాడి చేతికి తగలదు, పిమ్మట తిమ్మిరి, తుదకు కదలిక లేకపోవుట వచ్చును. సుమారు 6 గంటలు గడచిన పిమ్మట కండరములకు, నరములకు కోలుకొనలేని హాని కలుగ నారంభించును. మెదడునకు అంత ఓర్పు లేదు. మెదడులోని పెద్ద ధమని అడ్డుపడినప్పుడు నిమిషమునకు సగటున 19 లక్షల నాడీకణములు నశించునని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టెను.

నాళికకు పూర్వము

గడ్డను బయటికి తీయవలెనను తలంపు క్రొత్తది కాదు. 1911లో పారిస్ నగరమున జార్జి లాబే అను శస్త్రవైద్యుడు తొడ ధమనిని కోసి గడ్డను తీసి, కాలిని కాపాడెను. అట్టి శస్త్రచికిత్సలలో జయప్రదమైన మొదటిదిగా వైద్యచరిత్రలో దీనికి స్థానమున్నది. అయినను తరువాతి అర్ధశతాబ్దమున ఈ చికిత్స ముందునకు సాగలేదు. దానికి కారణము గడ్డయొక్క స్వభావమే.

గడ్డ చిక్కుకొన్న చోటికి దిగువన రక్తము కదలక నిలిచియుండును. నిలిచిన రక్తము మరల గడ్డకట్టును. ఇట్లు వేలెడంత గడ్డకు మూరెడు తోక పెరుగును. శస్త్రవైద్యుడు తొడకడ కోసి తలను తీయగలడు. మోకాలి క్రిందికి పోయిన తోక అతనికి అందదు. దానికొరకు కాలు పొడవున పలుచోట్ల కోయవలసియుండెను. గట్టిగా కట్టుకట్టి పిండి చూచిరి; పీల్చు గొట్టములు పెట్టి చూచిరి; చీలమండకడ ధమనిని తెరచి, క్రిందినుండి పైకి ద్రవమును చిమ్మి చూచిరి. 1930ల నాటికి వైద్యమునకు వచ్చిన హెపారిన్ అను మందు గడ్డ పెరుగకుండ ఆపినది గాని, ఉన్న గడ్డను కరగింపలేకపోయినది. అసలే హృద్రోగముతో క్షీణించిన రోగి, గంటల తరబడి మత్తులో నుండి, ఇన్ని కోతలకు తాళలేకపోయెడివాడు. కాలును, కొన్నిమారులు ప్రాణమును గూడ కోల్పోయినవారు అనేకులు.

ఫోగార్టీ బుడగ

ఈ చిక్కును విడదీసినవాడు థామస్ ఫోగార్టీ. అతడు 1934లో అమెరికాలోని సిన్సినాటి నగరమున జన్మించెను. తండ్రి చిన్ననాటనే గతించెను. కుటుంబమునకు ఆసరాగా, పాఠశాలలో చదువుచున్న దినములలోనే అతడు ఆ నగరపు గుడ్ సమారిటన్ ఆసుపత్రిలో పనికి కుదిరెను. మొదట సామగ్రిని శుభ్రపరచు పని; పిమ్మట శస్త్రచికిత్స గదిలో పరికరములందించు పని. రక్తనాళముల వైద్యుడైన జాన్ క్రాన్లీ అతనిని చేరదీసి వైద్యవిద్యకు ప్రోత్సహించెను. గడ్డలు తీయు చికిత్సలు ఎట్లు విఫలమగుచున్నవో ఫోగార్టీ ఆ గదిలో నిలుచుండి కన్నులార చూచెను.

అతని తలంపు సరళమైనది. గడ్డను ముందునుండి పట్టి లాగుటకు యత్నించిన అది చిట్లును. త్రోసిన మరింత లోనికి పోవును. కావున దానిని దాటిపోయి, వెనుకనుండి తోడితేవలెను. దాటిపోవునప్పుడు సాధనము సన్ననిదై యుండవలెను. తిరిగివచ్చునప్పుడు ధమని యంత వెడల్పు కావలెను. ఈ రెండు గుణములును ఒకే వస్తువునకు కలిగించుటకు అతడు మూత్రనాళమునకు వాడు సన్నని గొట్టమును తీసికొని, దాని కొనకు శస్త్రవైద్యుల రబ్బరు చేతితొడుగులోని చిటికెనవ్రేలి కొనను కత్తిరించి బిగించెను. గొట్టము రెండవ కొననుండి ద్రవము నెక్కించినచో ఆ రబ్బరు బుడగవలె ఉబ్బును; ద్రవమును వెనుకకు తీసినచో ముడుచుకొనును.

చెప్పుట సులభమే గాని బిగించుట కష్టమైనది. ప్లాస్టిక్ గొట్టమునకు రబ్బరును అతికించు జిగురు ఆనాడు లేదు. ఫోగార్టీకి బాల్యమునుండి చేపల వేట యన్న మక్కువ. గాలపు ముల్లునకు ఈకలను, దారమును చుట్టి కృత్రిమపు ఈగలను కట్టుట అతనికి చేతనైన విద్య. ఆ ముడులతోనే అతడు రబ్బరును గొట్టమునకు కదలకుండ కట్టెను. యంత్రశాలలకు అసాధ్యమైన పనిని గాలపు ముడి నెరవేర్చినది.

దాని వాడుక యిట్లుండును. గజ్జకడ చర్మమునకు మాత్రము మత్తునిచ్చి, చిన్న కోతతో తొడ ధమనిని బయటపెట్టుదురు. బుడగ ముడుచుకొనియున్న నాళికను గడ్డలోగుండ దూర్చి దానికావలికి పంపుదురు. అక్కడ బుడగను కొద్దిగా ఉబ్బించి మెల్లగా వెనుకకు లాగుదురు. ధమని పైకి వచ్చుకొలది వెడల్పగుచుండును గనుక, లాగుచున్న వైద్యుడు తన చేతి స్పర్శ ననుసరించి బుడగను పెంచుచు తగ్గించుచు రావలెను. బుడగ ముందర గడ్డ, దాని తోకతోసహా, కోతగుండ బయటికి వచ్చును. ఈ నాళికలను ఫ్రెంచి కొలతలో లెక్కింతురు. ఆ కొలతలో ఒక్కొక్క అంకె మిల్లీమీటరులో మూడవ వంతు. 3వ అంకె నాళిక లావు 1 మిల్లీమీటరే యన్నమాట.

ఆ సాధనమును తయారుచేయుటకు తొలుత కంపెనీలు ముందునకు రాలేదు. 1963లో ఫోగార్టీ, క్రాన్లీ తదితరులు ఈ పద్ధతిని శస్త్రవైద్య పత్రికలో ప్రకటించిరి. పిమ్మట ఎడ్వర్డ్స్ సంస్థ తయారీకి పూనుకొనెను. 1969లో ఫోగార్టీకి పేటెంటు లభించెను. కాలి పొడవున పలు కోతలు అవసరమైన చోట ఇప్పుడొక చిన్న కోత చాలును. నేటికిని ఆ నాళిక అతని పేరుతోనే శస్త్రచికిత్స గదులలో నిలిచియున్నది.

కోత నుండి సూదిపోటునకు

ఫోగార్టీ నాళికకు చిన్నదైనను కోత కావలెను. ఆ కోతయు లేకుండ, సూదిపోటుతోనే నాళములలోనికి ప్రవేశించు మార్గము వేరొక శాఖలో సిద్ధమగుచుండెను. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్‌లో వెర్నర్ ఫోర్స్‌మాన్ అను యువవైద్యుడు తన చేతి సిరలోనికి మూత్రనాళపు గొట్టమునే పంపి, ఎక్స్‌రే గదికి నడచిపోయి, దాని కొన హృదయమును చేరినట్లు పటము తీయించుకొనెను. అతనికి 1956లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ సూదిని ధమనిలో గ్రుచ్చి, సూదిగుండ తీగెను పంపి, సూదిని తీసివేసి, ఆ తీగె మీదుగా నాళికను నడుపు ఉపాయము కనుగొనెను. నేటి నాళికా చికిత్సలలో అధికభాగమునకు ఆ తీగెయే దారి.

1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున ఛార్లెస్ డాటర్ ఈ దారిని క్రొత్త పనికి వాడెను. 82 ఏండ్ల వృద్ధురాలికి తొడ ధమని పూడుకొని పాదము కుళ్లుచుండెను. కాలు తీసివేయుటకు ఆమె యొప్పుకొనలేదు. డాటర్ తీగెను ఇరుకు భాగముగుండ దాటించి, దానిపై ఒకదాని తరువాత నొకటి లావైన నాళికలను నడిపి ఆ ఇరుకును విప్పెను. పాదము వెచ్చబడినది, పుండు మానినది. ఆమె తన రెండు కాళ్లతో రెండేండ్లకు పైగా నడచి, పిమ్మట వేరొక వ్యాధితో మరణించినది.

జూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్జిగ్ అను వైద్యుడు ఈ పద్ధతికి బుడగను చేర్చెను. మొదటి బుడగలను అతడు తన ఇంటి వంటగది బల్లపై తయారుచేసెను. 1974లో కాలి ధమనులకును, 1977 సెప్టెంబరు 16న హృదయ ధమనికిని దానిని వాడెను. ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. ఫోగార్టీ బుడగ మెత్తనిది. ధమని ఆకృతికి లోబడి గడ్డను తోడితెచ్చును. గ్రూంట్జిగ్ బుడగ గట్టిది. నిర్ణీతమైన వెడల్పునకే ఉబ్బి, పూడికను గోడకు అదిమివేయును. మొదటిది తీయును, రెండవది త్రోవ వెడల్పుచేయును. దుంగకు ఒకటి, పూడికకు ఒకటి. రెంటిని బెలూననియే పిలుచుట వలన, 'బెలూను వేసిరి' అని విన్నవారు లోపలి పదార్థమంతయు బయటికి వచ్చినదని భావింతురు. హృదయ ధమనిలో సాధారణముగా పూడిక బయటికి రాదు, ప్రక్కకు అణగును.

అణగినది మరల ముడుచుకొనకుండ 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లండు దేశములలో లోహపు అల్లిక గొట్టమును లోపల నిలుపనారంభించిరి. అదియే స్టెంటు. దిగుమతి స్టెంట్లు మిక్కిలి ఖరీదైన కాలమున, హైదరాబాదు హృద్రోగ వైద్యుడు బి. సోమరాజు, రక్షణ పరిశోధనలో నున్న ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ కలిసి చేసిన కృషి ఫలితముగా 1998లో తక్కువ వెలకు లభించు 'కలామ్–రాజు స్టెంటు' వెలువడినది. ఈ శాస్త్రచరిత్రలో తెలుగునాటికి గల నిజమైన భాగమిది.

మెదడులోని గడ్డ

మెదడులో రక్తప్రసారము చెడుట వలన కలుగు రోగమును తెలుగువారు పక్షవాతమందురు. పేరులో వాతమున్నను, రోగము రక్తనాళములది. వానిలో అధికభాగము అడ్డుపడుట వలనను, తక్కినవి నాళము చిట్లి రక్తము కారుట వలనను కలుగును. ఈ రెంటికి చికిత్సలు పరస్పర విరుద్ధములు. ఏది యను సంగతి చేయి పట్టి చూచి తెలియదు. తలకు స్కాను తీసిననే తెలియును.

గడ్డను కరగించు మందు 3 గంటలలోపల ఇచ్చినచో మేలని 1995లో అమెరికా పరీక్ష వలన తేలినది. 2008లో ఐరోపా పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచినది. కాని మెదడు మొదటనున్న పెద్ద ధమనిలో పెద్ద గడ్డ చిక్కినచో మందు తరచుగా చాలదు. దానిని తోడితేవలెను. మెదడు ధమనుల గోడలు పలుచనివి; వంపులు అధికము; ఫోగార్టీ బుడగ నక్కడ లాగుట అపాయము.

అక్కడికి తగిన సాధనములను చేయుటకు నిటినోల్ అను మిశ్రలోహము తోడ్పడినది. నికెల్, టైటేనియములు కలిసిన ఈ తీగె, సన్నని నాళికలో ఇముడునట్లు ముడిచినను, బయటికి వచ్చినంతనే తన పూర్వరూపమును పొందును. 2004లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి సాధనము బిరడాను తీయు మరవలె చుట్టలు తిరిగిన తీగె. 2008లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వైద్యులు వేరొక పనికై చేసిన స్టెంటును గడ్డ తీయుటకు వాడిరి. గజ్జ ధమనినుండి గాని మణికట్టు ధమనినుండి గాని నాళికను మెదడు వరకు నడిపి, గడ్డను దాటించి, అల్లికను విప్పుదురు. అల్లిక కన్నులలో గడ్డ చిక్కుకొనుటకు కొన్ని నిమిషములు ఆగి, అల్లికను గడ్డతోసహా వెనుకకు లాగుదురు. లాగునప్పుడు ముక్కలు చెదరకుండ వెడల్పైన నాళికతో పీల్చుదురు. కొన్నిచోట్ల పీల్చుటతోనే గడ్డను తీయుదురు. రూపములు మారినను ఫోగార్టీ సూత్రము మారలేదు: దాటిపోవుట, విప్పుట, తోడితెచ్చుట.

2015లో నెదర్లండ్స్‌లో 500 మంది రోగులపై జరిగిన పరీక్షాఫలితములు ప్రకటితమైనవి. 3 నెలల పిమ్మట తమ పనులు తాము చేసికొనగలిగినవారు, నాళికా చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 33, పొందనివారిలో 19. అదే యేట మరి నాలుగు పరీక్షలు ఈ ఫలితమును బలపరచినవి. 2018 ఆరంభమున వెలువడిన మరియొక పరీక్షలో, స్కానులో ఇంకను కాపాడదగిన భాగమున్నట్లు కనబడిన రోగులకు 6 నుండి 24 గంటల లోపలను ఈ చికిత్స మేలు చేసినది. స్వతంత్రముగా జీవింపగలిగినవారు ఒకవైపు నూటికి 49, రెండవవైపు 13. ఈ 24 గంటల మాటను విని ఆలస్యము చేయుట తగదు. అది స్కానులో అర్హులుగా తేలినవారికే వర్తించును. ఆ అర్హత ప్రతి గంటకు కొందరికి తప్పిపోవుచుండును.

తీయుట ఎల్లప్పుడు మేలా?

గడ్డను తీసినచో రక్తము నడచును. రక్తము నడచినచో రోగి బాగుపడును. ఈ తర్కము నిర్దుష్టముగా కనబడును. అయినను పరీక్ష లేని తర్కమును వైద్యశాస్త్రము నమ్మదు. హృదయాఘాతమున స్టెంటు వేయుటకు ముందు గడ్డను పీల్చివేయుట మేలని కొంతకాలము పలువురు విశ్వసించిరి. 2013లో 7,244 మందిపై ప్రకటితమైన పరీక్షలో దాని వలన నెలరోజులలోని మరణములు తగ్గలేదు. 2015లో 10,732 మందిపై ప్రకటితమైన పరీక్షలోను మేలు కనబడలేదు. పైగా పక్షవాతము కొంత అధికమైనది. అప్పటినుండి అందరికి గడ్డ పీల్చు అలవాటు నిలిచిపోయి, అవసరమైనచోట మాత్రమే వాడుచున్నారు. మెదడు నాళములలోను 2025లో వెలువడిన రెండు పరీక్షలు, పెద్ద ధమనులకు మేలుచేసిన సాధనము మధ్యతరగతి, చిన్న ధమనులకు అదనపు మేలు చేయలేదని తెల్పినవి.

సాధనమునకు సహజమైన అపాయములును కలవు. బుడగను ఎక్కువ ఉబ్బించి లాగినచో ధమని లోపొర చిరుగును. తీగె కొన గోడను చీల్చవచ్చును. గడ్డ ముక్క ఊడి మరింత చిన్న నాళములోనికి పోవచ్చును. మరియు కాలిలో గంటల తరబడి నిలిచిన రక్తము ఒక్కసారి కదలినప్పుడు కండరములు వాచి బిగిసిపోవును. చచ్చిన కణములనుండి వెలువడిన పదార్థములు మూత్రపిండములకును, హృదయమునకును హాని చేయును. కావుననే ఆలస్యముగా తెరచిన దారి కొన్నిమారులు ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఇంతకును ప్రధానమైనది సాధనముకంటె సమయమే.

ఇంటివారు చేయదగినది

నాళికతో వైద్యుడు పనిచేయు కాలము తరచుగా గంటకు లోపుననే ముగియును. దానికి పూర్వపు గంటలు ఇంటివారి చేతిలోనివి. మూతి ఒకవైపునకు జారుట, ఒక చేయి లేవకపోవుట, మాట తడబడుట అను వానిలో ఏ యొక్కటి అకస్మాత్తుగా కనబడినను, కాలు గాని చేయి గాని హఠాత్తుగా పాలిపోయి చల్లబడినను, పసరులకును తైలములకును ప్రొద్దుపుచ్చక ఆసుపత్రికి కొనిపోవలెను. మెదడులోని గడ్డను నాళికతో తీయు వసతి అన్ని పట్టణములలో లేదు. స్కాను తీయు వసతి గల పెద్ద ఆసుపత్రి సమీపమున ఏది యను సంగతి ముందే తెలిసికొని యుండుట మంచిది. మాట తడబడినవానికి నీరుగాని ఆహారముగాని పెట్టరాదు. అది గొంతు తప్పి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. చల్లబడిన కాలికి కాపడము పెట్టరాదు. స్పర్శ తప్పిన చర్మము కాలినను రోగికి తెలియదు. రక్తము కారుటయో అడ్డుపడుటయో తేలక మునుపు సొంతముగా ఆస్పిరిన్ ఇయ్యరాదు.

వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న "ఎప్పుడు మొదలైనది?" అనునది. నిద్రనుండి లేచునప్పటికే రోగము కనబడినచో, లేచిన వేళను చెప్పరాదు. పరుండుటకు ముందు ఆరోగ్యముగా నుండగా చివరిసారి చూచిన వేళను చెప్పవలెను. చికిత్స లభించునా లేదా యనునది పెక్కుమారులు ఆ ఒక్క సమాధానముపై ఆధారపడును.

రాష్ట్రాంతరమునందలి తెలుగువారికి మరియొక జాగ్రత్త అవసరము. మాటాడు శక్తికి స్థానము చాలమందికి మెదడు ఎడమభాగమున ఉన్నది. అక్కడ అడ్డుపడినచో మాట పోవును. రెండు మూడు భాషలు తెలిసినవారికి అన్ని భాషలును ఒకే తీరున పోవు. ఒకే తీరున తిరిగిరావు. తరచుగా వాడిన భాష ముందు తిరిగివచ్చుట ఎక్కువయని 1895లో ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ పీత్ర్ వ్రాసెను. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో ఆసుపత్రి వైద్యుడు రాష్ట్రభాషలో ప్రశ్నించినప్పుడు ముసలమ్మ బదులు చెప్పనిచో, ఆమెకు మాట పోయినదా, లేక ఆ భాష తెలియదా యను సందేహము కలుగును. ఇంటిలో ఆమె ఏ భాష మాటాడునో, ఉదయము వరకు ఎట్లు మాటాడెనో బంధువులు మొదటనే చెప్పవలెను. ఆ మాట పరీక్షలో భాగమే.

ఈ సంగతులన్నియు ఆపదలో గుర్తుకు రావు. హృద్రోగముగాని, మధుమేహముగాని, రక్తపుపోటుగాని గల పెద్దలున్న ప్రతి ఇంటను ఒక చీటీ యుంచుట మేలు. పెద్దల రోగముల పేర్లు, వాడు మందులు, ముఖ్యముగా రక్తము గడ్డకట్టకుండ వాడు మందు, ఇంటి భాష, సమీపమున స్కాను గల ఆసుపత్రి పేరు అందుండవలెను. రోగము మొదలైన వేళకు ఖాళీ విడువవలెను. ఆ చీటీ తెలుగులోను, ఆ రాష్ట్రపు భాషలోను ఉండవలెను. రెండు లిపులును చదువుకొనుచున్న పిల్లలు ఈ కుటుంబములలో ఉన్నారు. వారిచేతనే దానిని వ్రాయించి తలుపు వెనుక అతికింపవచ్చును.